వెర్నియర్‌తో కొలిచిన ఉంగరం

ఫోను పెట్టేసి మా హెడ్మిస్ట్రెస్ గారు కుర్చీలోంచి లేచారు. ఆవిడ లేస్తే మేమూ లేవాలి కాబట్టి స్టాఫ్ రూమంతా లేచింది. నా ఒళ్లో ఉన్న టెస్ట్ పేపర్లన్నీ నేలపాలయ్యాయి.

"మనకే ఇచ్చారు," అన్నారావిడ.

ఏమిచ్చారో, ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు. నెలల తరబడి స్కూల్లో అదే మాట మరి. మా ఊరి చివర పంపుల ఫ్యాక్టరీ ఉంది. అక్కడికి కొత్త మిషన్లు వచ్చాయి గానీ వాటి మీద పని తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల దొరకడం లేదు. ఎక్కడెక్కడి నుంచో పిలిపిస్తే ఇంటి మీద బెంగతో నాలుగు నెలలు తిరక్కుండా వెళ్లిపోతున్నారు. మరోపక్క మా స్కూల్లో సైన్సులో మార్కులు దంచేసిన పిల్లలు, "ఇక్కడేం ఉద్యోగాలున్నాయి టీచర్?" అంటూ ఆ వెళ్లిపోయేవాళ్ల బస్సే ఎక్కుతున్నారు. చివరికి స్కూలూ ఫ్యాక్టరీ కలిసి పిల్లల్ని తయారు చేసుకుందామన్న ఆలోచన వచ్చింది. వారానికోరోజు తొమ్మిదో తరగతి ఫ్యాక్టరీలోనే. చదువయ్యాక అక్కడే జీతంతో శిక్షణ, ఆపైన ఉద్యోగం.

దీనికోసం మాతో పోటీపడింది వంతెన అవతలి స్కూలు. వాళ్లకి సొంత బస్సుంది, బ్యాండు మేళం ఉంది, ముగ్గురు సైన్సు టీచర్లున్నారు. మా స్కూల్లో ఫిజిక్సూ నేనే, కెమిస్ట్రీ నేనే, లేబరేటరీ బీరువా తాళంచెవీ నేనే. ఆ బీరువాలో సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్స్ ఒకే ఒక్కటి ఉంటుంది. పదో తరగతి పరీక్షల ముందు తప్ప దాన్ని బయటికి తీయను. మా పిల్లలకి వెర్నియర్ అంటే పుస్తకంలో బొమ్మే.

"ఎల్లుండే మొదటి రోజు," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు, నా వైపు తిరిగి. "అది చూశాకే ఒప్పందం ఖాయం చేస్తారట. లోపల మిషన్ల దగ్గర పిల్లల పక్కన సైన్సు టీచరు ఉండి తీరాలట. అంటే నువ్వే. నువ్వు లేకపోతే పిల్లలు లేరు, పిల్లలు లేకపోతే వంతెన అవతలికి. ఏమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?"

"సంతోషం మేడమ్," అన్నాను.

"సంతోషమే. ఆ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఎవరో ఊరంతటికీ తెలుసు."

స్టాఫ్ రూమంతా ఒకేసారి దగ్గింది.

ఆ సేఫ్టీ ఆఫీసరు మావారే. మాకు పెళ్లయి ఇంకా కొత్త. ఎంత కొత్తంటే, ఎవరైనా "మీవారు" అంటే నేను చుట్టూ చూసి, ఆ తర్వాత మురిసిపోతాను.

ఇంటికి పరుగెత్తాను. వార్త నేనే చెప్పాలనుకున్నాను గానీ మా అత్తగారి దగ్గర అది కుదరదు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఇంట్లో ఏ గదిలో ఎవరు మాట్లాడుకుంటున్నా మధ్యలో లైను కలుపుతారు.

"వచ్చావా అమ్మాయ్! ఎల్లుండే మొదటి రోజట కదా," అన్నారు నేను చెప్పులు విప్పకముందే.

వెనకాలే మావారు వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయి, నవ్వుకున్నాం. అత్తగారు వంటింట్లోకి వెళ్లిపోయారు. అంటే గోడకి అవతలివైపు నిలబడ్డారని అర్థం.

"మన ఫ్యాక్టరీలో నిన్ను చూడబోతున్నానన్నమాట!" అన్నారాయన.

"మిమ్మల్ని మీ హెల్మెట్‌లో చూడబోతున్నాను," అన్నాను నేను.

అంతలో ఆయన చూపు నా చేతి మీద పడింది. ముఖంలో దీపం కాస్త తగ్గింది.

"ఉంగరం తీసేయాలి. ఒంటి మీద ఉంగరం, గాజులు, గొలుసు, గడియారం ఏవీ ఉంచుకుని లోపలికి రాకూడదు."

"తెలుసండీ. తీసేస్తాను," అన్నాను.

ఈ ఉంగరం కథ కొంచెం చెప్పాలి. పెళ్లికి ముందు రెండోసారి కలుసుకున్నప్పుడు పార్కులో బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపు మొహమాటపడి, "నీ చెయ్యి ఒకసారి ఇస్తావా?" అన్నారాయన. కళ్లు మూసుకుని చెయ్యిచ్చాను. వేలికి చల్లగా ఏదో తగిలింది. కళ్లు తెరిస్తే వెర్నియర్! ఫ్యాక్టరీ నుంచి జేబులో పెట్టుకొచ్చి, ఉంగరానికి కొలత తీసుకుంటున్నారు. మూడుసార్లు కొలిచి, సగటు తీసి, అరచేతి మీద రాసుకున్నారు. చేతులు పట్టుకునేవాళ్లు అందరికీ దొరుకుతారు. సగటు తీసేవాడు నాకే దొరికాడు. ఆ నిమిషమే నేను ఖాయమైపోయాను.

నిశ్చితార్థంలో ఉంగరం వేలికి ఎక్కించేటప్పుడు మాత్రం కణుపు దగ్గర ఆగింది. చుట్టూ అంతమంది. నేనే పళ్లు బిగించి లోపలికి తోసుకున్నాను. ఫొటోలో నా కళ్లలో నీళ్లు చూసి అందరూ "పాపం, ఎంత ఆనందమో" అంటారు. ఆనందమే, సగం.

ఇప్పుడు తీయబోతే రాలేదు. సబ్బు రాసినా రాలేదు. నూనె రాస్తే వేలు మెరిసింది గానీ ఉంగరం కదల్లేదు. అత్తగారు గోడ అవతలి నుంచి వచ్చేశారు.

"నేను లాగుతాను. ఒరేయ్, నువ్వు దాన్ని వెనక్కి పట్టుకో!"

ఆవిడ నా వేలు పట్టుకుని ముందుకి, ఆయన నా భుజాలు పట్టుకుని వెనక్కి. మధ్యలో నేను. నూనె చెయ్యి జారి అత్తగారు వెళ్లి సోఫాలో కూర్చున్నారు. ఉంగరం ఉన్నచోటే ఉంది.

"కొలత తప్పేమోరా," అన్నారావిడ, జుట్టు సర్దుకుంటూ.

"అమ్మా, మూడుసార్లు కొలిచాను. మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా తేడా రాదు. ఎండలకి వేలు ఉబ్బి ఉంటుంది."

"అయితే ఉప్పు మానెయ్యాలి. ఉప్పుకి ఒళ్లు ఉబ్బుతుంది," అని తేల్చేశారు అత్తగారు. ఆ పూట నుంచి మా ముగ్గురికీ ఉప్పులేని కూరే. ఉబ్బింది ఒక్క వేలు, శిక్ష మూడు నోళ్లకి.

"ఆ ఒక్క ఉంగరానికి..." అని నేను మొదలుపెట్టగానే, "ఆ ఒక్క మాట అడగకు," అన్నారు మావారు. "నీకోసం ఏదైనా చేస్తాను. ఇది కాదు. ఒకసారి మా కళ్ల ముందే తిరిగే మిషన్ ఒకతని చేతి తొడుగు లాక్కుంది. తొడుగు వదులుగా ఉంది కాబట్టి చెయ్యి మిగిలింది. ఉంగరం వదులుగా ఉండదు."

నేను మళ్లీ సబ్బు అందుకున్నాను.

"నగల షాపులో కోయించేద్దామా?" అన్నారు, గోడ వైపు చూస్తూ.

"వద్దులెండి. అదే వచ్చేస్తుంది," అన్నాను, తలుపు వైపు చూస్తూ.

రాలేదు.

మొదటి రోజు ఉదయం ఫ్యాక్టరీ గేటు లోపల మా తొమ్మిదో తరగతి వరసలో నిలబడింది. పసుపు హెల్మెట్లు పెట్టుకుంటే అందరికీ కనుబొమ్మలు మాయమయ్యాయి. షెడ్డు లోపల్నుంచి మిషన్ల హోరు వినిపిస్తోంది. మేనేజర్ గారు స్వాగతం చెప్పి, పిల్లలందరికీ చేతిలో తలో బోల్టూ నట్టూ పెట్టారు.

"ఇవి మన ఫ్యాక్టరీలో చేసినవే. ఇంటికి తీసుకెళ్లండి. పుస్తకంలో బొమ్మ కాదు, చేతిలో వస్తువు," అన్నారు.

మా క్లాసులో ఒకమ్మాయికి ప్రశ్నలపుట్ట అని పేరు. ఆ పిల్ల అప్పుడే నట్టు ఎక్కించడం, దించడం మొదలుపెట్టేసింది. "సార్, ఇది తనంతట తనే ఎందుకు ఊడిపోదు?" అంటోంది. "సార్, కుడివైపే ఎందుకు తిప్పాలి?" అంటోంది. మేనేజర్ గారు సంతోషంగా రెండింటికీ జవాబు చెప్పి, మూడోదానికి చెమట తుడుచుకున్నారు.

షెడ్డు గుమ్మం దగ్గర మావారు నిలబడ్డారు. హెల్మెట్‌లో ఎంత బావున్నారో! చెప్పుకోడానికి పక్కన ఎవరూ లేరు. పిల్లల గడియారాలు, గొలుసులు, చెవిపోగులు ఒక్కొక్కటిగా ట్రేలో పెట్టించి లోపలికి పంపే వరస కట్టించారు. చివర్న నా వంతు వచ్చింది.

"మేడమ్, చేతులు చూపించండి," అన్నారు.

మేడమ్! పొద్దున్నే నా జడ రిబ్బను వెతికిపెట్టిన మనిషి!

చేతులు చాచాను. ఉంగరం తళుక్కుమంది. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"సారీ మేడమ్. మీరు లోపలికి రాకూడదు."

"ఏమండీ..." అన్నాను అలవాటులో. వరసంతా గొల్లుమంది. "అదే, సార్! పైన టేపు చుట్టుకుంటే?"

"టేపు కింద కూడా ఉంగరం ఉంగరమే మేడమ్."

మేనేజర్ గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఈ ఒక్కరోజుకీ చూసీ చూడనట్టు..."

"సార్, ఈ రూలు నేను రాశాను, మీరు సంతకం పెట్టారు. నా భార్యకి ఒక రూలు, రేపు ఈ పిల్లలు పెద్దయి ఇక్కడికొస్తే వాళ్లకో రూలా?"

మేనేజర్ గారు ఒకడుగు వెనక్కి వేశారు. కోపం తెచ్చుకుందామని చూశాను గానీ గర్వం అడ్డొచ్చింది.

సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ గారి ఫోను మోగింది. వంతెన అవతలి స్కూలు హెడ్మాస్టరు గారు. ఆవిడ ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నా అందరికీ వినిపించింది. "ఏం లేదండీ, ఊరికే చేశాను. మీకేమైనా ఇబ్బందైతే మొహమాటపడకండి. మా బస్సు స్టార్ట్ చేసే ఉంది!"

హెడ్మిస్ట్రెస్ గారు ఫోను చేత్తో మూసి నన్ను చూశారు. హెల్మెట్ల కింద నుంచి పిల్లలందరూ నన్నే చూశారు. వెనక షెడ్డులో మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఈ గుమ్మం ఇవాళ దాటకపోతే ఈ పిల్లలకి మళ్లీ బీరువాలో వెర్నియరే గతి.

"కోసేయండి," అన్నాను.

ప్రథమ చికిత్స గదిలో ఉంగరాలు కోసే చిన్న కత్తెరలాంటి పరికరం ఉంటుంది. మావారు అది తెచ్చారు. నా వేలు పట్టుకున్నారు. పరికరం ఉంగరానికి ఆనించారు. అక్కడే ఆగిపోయారు. చూస్తే చెయ్యి గడగడ వణుకుతోంది.

"కానివ్వవయ్యా," అన్నారు మేనేజర్ గారు.

"కుదరదు సార్. చెయ్యి వణుకుతున్నప్పుడు పదునైన పరికరం పట్టుకోకూడదు."

"ఎవరన్నారు?"

"నేనే సార్. అదీ నా రూలే."

"మరి ఇంకెవరు కొయ్యొచ్చు?"

"నర్సమ్మగారు. ఇవాళ సెలవు."

మేనేజర్ గారు ఆకాశం వైపు చూశారు. హెడ్మిస్ట్రెస్ గారు ఫోనులో, "లేదండీ, సిగ్నల్ సరిగా లేదు," అంటూ దాన్ని పర్సులో పడేశారు.

"టీచర్!" వరసలోంచి ఒక చెయ్యి లేచింది. "ఉంగరాన్ని వేడి చేస్తే వ్యాకోచిస్తుంది టీచర్. మీరే చెప్పారు."

"అందులో నా వేలుంది నాన్నా."

"వేలు కూడా వ్యాకోచిస్తుందా టీచర్?"

"ముందు అరుస్తుంది."

"అయితే చల్లబరిస్తే?" అంది ఇంకో గొంతు. "వేలు తగ్గుతుంది కదా?"

"ఉంగరం కూడా తగ్గుతుంది కదరా!"

"వేలు ఎక్కువ తగ్గుతుందిరా. అందులో రక్తం ఉంటుంది!"

వరస చెదిరిపోయింది. పిల్లలు గుంపుగా నా చేతి మీదికి వంగారు. హెల్మెట్లు ఒకదానికొకటి టక్కుటక్కుమని తగులుతున్నాయి. ప్రశ్నలపుట్ట మాత్రం మాట్లాడకుండా తన బోల్టు మీద నట్టు తిప్పుకుంటోంది. తిప్పి తిప్పి తలెత్తింది.

"సార్, నట్టు రాకపోతే మీరు లాగుతారా?"

"లాగితే ఎలా వస్తుంది? తిప్పాలి," అన్నారు మావారు.

"మరి టీచర్ ఉంగరాన్ని అందరూ ఎందుకు లాగుతున్నారు?"

మావారు పరికరాన్ని పక్కన పెట్టేశారు.

"తిప్పడానికి వేలికి మరలు లేవు కదే," అన్నాడు పక్కవాడు.

"లేకపోతే చుడదాం. సార్, ఆ తెల్లటేపు దేనికి?"

గుమ్మం పక్కన బల్ల మీద పిల్లలకి చూపించడానికి పంపు విప్పి పెట్టారు. పైపు కీళ్ల దగ్గర నీళ్లు కారకుండా చుట్టే జారుడు టేపు అక్కడే ఉంది. ప్రశ్నలపుట్ట దాన్ని వేలితో చూపించింది. మావారి కళ్లు పెద్దవయ్యాయి.

"టేపు కొసని ఉంగరం కిందనుంచి దూర్చాలి," అన్నారు నెమ్మదిగా. "కణుపు మీదుగా బిగించి చుట్టాలి. వేలు నొక్కుకుపోతుంది. అరచేతి వైపు వచ్చిన కొసని పట్టుకుని విప్పుతూ పోతే..."

"ఉంగరం నట్టులా తిరుగుతూ వచ్చేస్తుంది!" అంది ప్రశ్నలపుట్ట.

క్యాంటీన్ నుంచి ఐసు వచ్చింది. ఒకడు గిన్నె పట్టుకున్నాడు, ఒకమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది, మిగతావాళ్లు సలహాలు పట్టుకున్నారు. వేలు మొద్దుబారాక మావారు మెత్తటి ప్లాస్టిక్ ముక్కతో టేపు కొసని ఉంగరం కిందికి తోశారు. పిల్లలు వంతులవారీగా బిగించి చుట్టారు. నా వేలు తెల్లగా, గట్టిగా, నిజంగానే ఏదో పంపు భాగంలా తయారైంది. ప్రశ్నలపుట్ట కొస పట్టుకుని విప్పడం మొదలుపెట్టింది. పట్టుకున్నది పదునైన పరికరం కాదు కాబట్టి వణికే చేత్తోనే మావారు ఉంగరాన్ని తిప్పుతున్నారు. నేను కళ్లు మూసుకున్నాను.

"కదిలింది!"

"ఆగు, ఆగు, టేపు తెగుతుంది!"

"కణుపు ఎక్కిందిరోయ్!"

"టీచర్, నొప్పిగా ఉందా?"

"ఉంది. ఆపకండి!"

టప్పుమని వదులైంది. కళ్లు తెరిచేసరికి ఉంగరం మావారి అరచేతిలో ఉంది. షెడ్డులోంచి తొంగిచూస్తున్న పనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మేనేజర్ గారు హెల్మెట్ తీసి గాల్లోకి ఎగరేయబోయి, మావారిని చూసి మళ్లీ పెట్టేసుకున్నారు.

అక్కడితో ఆగితే మావారి మర్యాద మిగిలేది. ప్రశ్నలపుట్ట ఆగుతుందా?

"సార్, ఈ ఉంగరానికి కొలత ఎవరు తీసుకున్నారు?"

"నేనే," అన్నారు ఆయన, ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "వెర్నియర్‌తో."

"వేలి మీద ఎక్కడ పెట్టి కొలిచారు సార్?"

"ఉంగరం ఉండే చోట. వేలి మొదట్లో."

"మరి కణుపు దగ్గర?"

మావారు నా వేలు చూశారు, ఉంగరం చూశారు, మళ్లీ నా వేలు చూశారు. హెల్మెట్ కింద చెవులు ఎర్రబడుతున్నాయి. మూడుసార్లు కొలిచారు, సగటు తీశారు, యాభయ్యో వంతు దాకా చూశారు. కణుపుని మాత్రం చూడలేదు. ఎండలూ ఉప్పూ ఏ పాపమూ ఎరగవు.

నాకు నవ్వాగలేదు. ముందు నేను, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మేనేజర్ గారు గోడ పట్టుకుని మరీ నవ్వారు. మావారు కూడా చివరికి నవ్వేసి, ఉంగరాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తారు.

"ఇవాళ్టి మొదటి పాఠం," అన్నారు. "వస్తువు కూర్చునే చోటు ఒక్కటే కొలిస్తే చాలదు. దారిలో అది దాటాల్సిన చోటు కూడా కొలవాలి. ఈ పాఠం నేర్చుకోవడానికి నాకు పెళ్లి కావాల్సి వచ్చింది. మీకు ఉచితం."

ఉంగరం ట్రేలోకి వెళ్లలేదు. ఆయన చొక్కా జేబులోకి వెళ్లి, జేబు బొత్తాం పడింది.

"ఇప్పుడు రావచ్చు మేడమ్," అన్నారు, గుమ్మం వదిలి పక్కకి జరిగి.

లోపల ఆ రోజు పిల్లలు వెర్నియర్‌ని చేత్తో పట్టుకున్నారు. బొమ్మలో కంటే బరువుగా ఉందన్నాడొకడు. ప్రశ్నలపుట్ట ఒక పెద్ద మిషన్ దగ్గర ఆగిపోయి, దాన్ని నడుపుతున్న ఆమెని ప్రశ్నలతో ముంచెత్తింది. ఆమె విసుక్కోకుండా, "ఇక్కడికొచ్చేస్తావేంటి, నాకు తోడుగా?" అంది. ఆ పిల్ల మొట్టమొదటిసారి ప్రశ్న వేయకుండా తలూపింది. మేనేజర్ గారు అది చూసి మా హెడ్మిస్ట్రెస్ గారితో, "ప్రతి వారం పంపండి, ఒప్పందం ఖాయం," అన్నారు. ఆవిడ వెంటనే పర్సులోంచి ఫోను తీశారు.

"ఆఁ, ఇప్పుడు సిగ్నల్ బ్రహ్మాండంగా ఉందండీ," అంటున్నారు అవతలి హెడ్మాస్టరు గారితో. "ఆ బస్సు ఆపేయించండి. డీజిల్ దండగ. వచ్చే ఏడాది మీ పిల్లల్ని కూడా చేర్చుకోమని నేనే అడుగుతాలెండి."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు కూరలో ఉప్పేసి మరీ ఎదురుచూస్తున్నారు. సంగతంతా ముందే తెలిసిపోయింది. ఎలా తెలిసిందని మేం అడగలేదు.

"ఒరేయ్, మీ నాన్నగారు కొలవనూ లేదు, పాడూ లేదు," అన్నారు తన వేలికున్న ఉంగరాన్ని సులువుగా తీసి, సులువుగా పెట్టుకుంటూ. "నా చెయ్యి పట్టుకుని చూశారు, అంతే. చెయ్యి పట్టుకోవడం కూడా రాదేంట్రా నీకు?"

"అమ్మా!"

నేను గబగబా అన్నం గిన్నె అందుకున్నాను. ఆవిడ నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లారు.

మావారు జేబు బొత్తాం విప్పి ఉంగరం బల్ల మీద పెట్టారు. నా వేలి మీద దాని గుర్తు ఎర్రగా ఉంది. ఆ గుర్తుని బొటనవేలితో నెమ్మదిగా నిమిరారు.

"బోసిగా ఉంది కదా," అన్నాను.

"ఉంది. అందుకే రేపు పొద్దున్న మీ స్కూలుకి వస్తున్నాను. మేనేజర్ గారు పెట్టెడు వెర్నియర్లు ఇచ్చారు, స్కూలుకే ఉంచేసుకోమన్నారు. మొదటి పీరియడ్‌లో పిల్లలందరూ నీ వేలు కొలుస్తారు. మొదట్లోనూ, కణుపు దగ్గరా. సగటు వాళ్లే తీస్తారు. ఆ లెక్క సరిచూసే పని ప్రశ్నలపుట్టది."

"మీరేం చేస్తారు?"

"నేను నీ చెయ్యి పట్టుకుని నిలబడతాను. ఊరికే." ఆయన చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. "సాయంత్రం స్కూలు వదిలాక ఆ కొలత తీసుకుని నగల షాపుకి వెళ్లి, ఇదే ఉంగరాన్ని పెద్దది చేయిస్తాం. మనిద్దరం."

"ముగ్గురం!" అంది గోడ అవతలి నుంచి ఎక్స్ఛేంజి. "రేపు సాయంత్రానికి నేను తయారై గుమ్మంలో ఉంటాను."